మా ఆఫీసు హెల్త్ స్క్రీనింగ్ రివ్యూ: సర్వీసు బాగుంది, నడుం కొలతే మనది కాదు

మేం డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా కంపెనీ ఏటా అక్టోబర్ లో బయట నుంచి ఒక స్క్రీనింగ్ సంస్థని పిలిపించి ఆఫీసులోనే రెండ్రోజులు హెల్త్ చెకప్ పెట్టిస్తుంది, ఎంప్లాయీకి ఫ్రీ, స్పౌస్ కి కూడా ఫ్రీ. సంస్థ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇలాంటి ఫారాలే వాడే సంస్థలు ఇంకా ఉండొచ్చు, నాకు కావాల్సింది ఆ ఫారం మారడం. పోయిన అక్టోబర్ లో నేనూ మా ఆయనా ఇద్దరం చేయించుకున్నాం. రేటింగ్ అడిగితే 5 కి 3 ఇస్తా. ఆ పోయిన రెండూ ఎందుకు పోయాయో చెప్పాలంటే కొంచెం పొడుగ్గానే రాయాలి, ఇక్కడ ఉండే మన తెలుగు వాళ్ళు, ముఖ్యంగా నలభై దాటినోళ్ళు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

ముందు బాగున్నవి. అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్ లో రెండు నిమిషాల్లో అయిపోయింది, ఉదయం 7:40 స్లాట్ ఇచ్చారు, 7:45 కల్లా కుర్చీలో కూర్చోబెట్టారు. రాత్రి తొమ్మిది తర్వాత ఏమీ తినొద్దని ముందురోజు మెసేజ్ కూడా వచ్చింది. ఇక్కడ నరానికి సూది వెయ్యరు, వేలికి చిన్నగా గుచ్చి నాలుగు చుక్కలు తీసి ఒక చిన్న మిషన్ లో పెడతారు, ఐదు నిమిషాల్లో షుగరు, మొత్తం కొలెస్ట్రాల్, మంచి కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) అన్నీ వచ్చేస్తాయి. సూదంటే ఒణికిపోయే మా ఆయన కూడా ఏమీ అనలేదు. బీపీ చూసిన నర్సమ్మ అయితే ఎంత మంచావిడో, మొదటిసారి కాస్త ఎక్కువొస్తే "టెన్షన్ పడ్డారేమో, ఐదు నిమిషాలు కూర్చోండి" అని మళ్ళీ చూసింది, చెయ్యి బల్ల మీద ఆనించి, కాళ్ళు నేల మీద పెట్టించి. అంత పద్ధతిగా బీపీ చూసేవాళ్ళు పెద్ద హాస్పిటల్లో కూడా తక్కువే. దీనికి ఫుల్ మార్కులు.

ఇప్పుడు అసలు విషయం. వీళ్ళు చూసేవి ఐదు: నడుం చుట్టుకొలత, బీపీ, పరగడుపు షుగరు, ట్రైగ్లిజరైడ్స్, హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్ట్రాల్. ఈ ఐదిట్లో మూడు పాసైతే ఏడాదంతా ఇన్సూరెన్స్ ప్రీమియంలో తగ్గింపు. ఈ ఐదూ వీళ్ళు ఊరికే ఎంచుకున్నవి కాదు, డాక్టర్లు మెటబాలిక్ సిండ్రోమ్ అంటారే, దాని లెక్క ఇదే. ఐదిట్లో మూడు తేడాగా ఉంటే ఆ సిండ్రోమ్ ఉన్నట్టు. అది ఉన్నోళ్ళకి వచ్చే ఐదు పదేళ్ళలో గుండె జబ్బు రిస్క్ సుమారు రెట్టింపు, షుగరు వ్యాధి వచ్చే రిస్క్ ఐదు రెట్లు. అందుకే ఈ స్క్రీనింగ్ అనే ఆలోచన నాకు నిజంగా నచ్చింది, యాభై రకాల టెస్టులు చేసి భయపెట్టకుండా అవసరమైన ఐదు చూస్తున్నారు.

మా ఆయన రిపోర్టు ఇదీ. వయసు 44, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 71 కిలోలు, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 24.5. బీపీ 128/82, షుగరు 97, ట్రైగ్లిజరైడ్స్ 212, హెచ్‌డీఎల్ 37, నడుం 36 అంగుళాలు. ట్రైగ్లిజరైడ్స్ 150 దాటకూడదు, మగాళ్ళకి హెచ్‌డీఎల్ 40 కి తగ్గకూడదు కాబట్టి ఆ రెండూ ఎర్రగా వచ్చాయి. మిగతా మూడూ పచ్చగా. నడుం ఎదురుగా "40 కంటే తక్కువ, పాస్" అని, బీఎంఐ ఎదురుగా "25 లోపు, హెల్దీ" అని ఉంది. మూడు పాస్ కాబట్టి డిస్కౌంట్ వచ్చేసింది, ఆయన కార్లోనే వాళ్ళ అమ్మకి ఫోన్ చేసి "అంతా బానే ఉందమ్మా" అని చెప్పేశారు.

నాకు మాత్రం మనసు ఒప్పలేదు. మా మామయ్యగారు తెనాలిలో టీచర్ గా చేసేవారు, సన్నగా రివటలా ఉండేవారు, పంచె కడితే పొట్ట ఉందా లేదా అన్నట్టుండేది, ఊళ్ళో అందరూ "మేష్టారికేం, ఒళ్ళే లేదు, రోగాలెక్కడివి" అనేవాళ్ళు. 52 ఏళ్ళకి హార్ట్ ఎటాక్, హాస్పిటల్ కి తీసుకెళ్ళాకే ఆయనకి షుగరుందని ఇంట్లో వాళ్ళకి తెలిసింది. అదే ఒడ్డూ పొడుగూ మా ఆయనది. చేతులు సన్నం, కాళ్ళు సన్నం, చొక్కా తీస్తే బొడ్డు దగ్గర గుండ్రంగా చిన్న కుండ బోర్లించినట్టు పొట్ట. అందుకే ఆ పచ్చ రంగు చూస్తే నాకు ధైర్యం రాలేదు.

ఇంకోటి, నడుం కొలిచేటప్పుడు నేను పక్కనే ఉన్నా. కొలిచిన కుర్రాడు మా ఆయన్ని చొక్కా కూడా పైకి ఎత్తమనలేదు, బెల్టు పెట్టుకునే చోట, అంటే పొట్ట కిందగా, ప్యాంటు మీదే టేపు తిప్పి 36 అని రాసేశాడు. మన మగాళ్ళు ప్యాంటు ఎక్కడ కడతారో తెలుసు కదా, పొట్ట బెల్టు పైకి వాలి ఉంటుంది. ఆ రాత్రి ఇంటికొచ్చి నా కుట్టుమిషన్ డబ్బాలో టేపు తీశా.

"ఏవండీ, ఒకసారి ఇటు రండి, చొక్కా ఎత్తండి."

"పాసయ్యాను కదే, మళ్ళీ ఏంటి?"

"నిలబడండి చెప్తా. ఊపిరి బిగబట్టొద్దు, మామూలుగా వదిలెయ్యండి."

పద్ధతి ఏంటంటే పక్కన అన్నిటికంటే కింద ఉన్న పక్కటెముక వేలితో తడిమి చూడాలి, తుంటి ఎముక పైఅంచు ఎక్కడుందో చూడాలి, ఆ రెండిటికీ సరిగ్గా మధ్యలో టేపు నేలకి సమానంగా చుట్టూ తిప్పి, ఊపిరి వదిలాక చదవాలి. టేపు ఒంటికి తగలాలి కానీ నొక్కకూడదు. అలా కొలిస్తే 38 వచ్చింది, మూడుసార్లు కొలిచా, మూడుసార్లూ 38 దగ్గరే. ఆఫీసులో 36, ఇంట్లో 38. సరే రెండంగుళాల తేడాని కూడా పక్కన పెట్టండి, ఆఫీసు 36 నే తీసుకుందాం. దానికీ పాస్ ఇవ్వకూడదు! ఎందుకంటే దక్షిణాసియా మగాళ్ళకి గీత 40 అంగుళాల దగ్గర లేదు, 90 సెంటీమీటర్ల దగ్గర ఉంది, అంటే 35 అంగుళాల పైన కొద్దిగా. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, 31న్నర అంగుళాలు. ఇంటర్నేషనల్ డయాబెటిస్ ఫెడరేషన్ 2005 లోనే ఈ కొలతలు ఇచ్చింది, 2009 లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తో సహా చాలా సంస్థలు కూర్చుని ఒకే నిర్వచనం రాసుకున్నప్పుడు కూడా నడుం కొలత ఏ జాతి వాళ్ళకి ఆ జాతి లెక్కే వాడమన్నారు. ఆ లెక్కలో మా ఆయనకి ఎర్రవి మూడు, అంటే మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్టే. అదే మనిషి, అదే రక్తం, అదే రోజు. గీత మారితే ఆరోగ్యవంతుడు కాస్తా పేషెంట్ అయ్యాడు.

ఈ 40 అంగుళాలు, అంటే 102 సెంటీమీటర్లు, ఎక్కడిదా అని చూస్తే దాని మూలం స్కాట్లాండ్ లో ఉంది. 1995 లో గ్లాస్గో ఊరి జనాల్ని కొలిచి, వాళ్ళల్లో బీఎంఐ 30 కి సమానమైన నడుం ఎంతా అని చూస్తే మగాళ్ళకి 102, ఆడాళ్ళకి 88 వచ్చింది. అది 2001 లో అమెరికా కొలెస్ట్రాల్ గైడ్‌లైన్ లోకి ఎక్కింది, అక్కణ్ణుంచి మా ఆఫీసు ఫారం దాకా వచ్చింది. గ్లాస్గో వాళ్ళ కొలత తప్పని నేను అనట్లేదు, వాళ్ళకి అది సరిగ్గానే ఉండొచ్చు. కానీ తెనాలి ఒంటికి గ్లాస్గో బెల్టు పెట్టి పాస్ అంటే ఎలాగండీ?

మన ఒళ్ళు వేరు అనేది ఊహ కాదు. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ గారని ఉన్నారు, ఆయనా లండన్ లోని ఆయన స్నేహితుడు డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫోటో ఒకటి 2004 లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3, అచ్చంగా ఒకటే. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లిష్ డాక్టర్ గారికి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. బయటికి సన్నం, లోపల కొవ్వు. మనకి కండ తక్కువ, ఉన్న కొవ్వు కూడా పొట్ట లోపల పేగుల చుట్టూ, లివర్ లో చేరుతుంది, ఆ లోపలి కొవ్వే ఇన్సులిన్ పనిని చెడగొడుతుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా 2015 నుంచి ఏషియన్స్ కి బీఎంఐ 23 దగ్గరే షుగరు టెస్టు గురించి ఆలోచించమంటోంది, 25 దాకా ఆగొద్దని. మా ఫారంలో 24.5 ఎదురుగా ఇంకా "హెల్దీ" అనే ఉంది.

నాకు ఎక్కువ బాధేసింది ఎక్కడంటే, ఆ ఫారం మొదటి పేజీలోనే మీ రేస్ ఏంటి అని అడిగారు. ఏషియన్ అని టిక్ పెట్టాం కూడా. అడిగి, ఎక్కించుకుని, వాడలేదు! వాడకపోతే అడగడం దేనికి?

ఆ రోజు లంచ్ లో మా టేబుల్ దగ్గర అందరం రిపోర్టుల గురించే మాట్లాడుకున్నాం. పక్క టీమ్ లో పనిచేసే మెక్సికన్ ఆవిడకి నాలుగు ఎర్రవి, పాపం డిస్కౌంట్ పోయింది. ఇంకో నల్లజాతి స్నేహితురాలికి బీపీ 146/92, నడుం ఎక్కువ, కానీ ట్రైగ్లిజరైడ్స్ 78, హెచ్‌డీఎల్ 61, బంగారంలా ఉన్నాయి, రెండే ఎర్రవి కాబట్టి పాస్. ఇంటికొచ్చాక ఆ విషయమే తవ్వుకుంటూ కూర్చున్నా, రెండు వారాలు రాత్రుళ్ళు అదే పని. చదివే కొద్దీ అర్థమైందేంటంటే మా టేబుల్ మీద కనిపించిందే దేశం మొత్తం మీదా కనిపించింది.

అమెరికా ప్రభుత్వం ఎన్‌హేన్స్ (NHANES) అని ఒక సర్వే చేస్తుంది, ఇంటింటికీ వెళ్ళి మాట్లాడి, మొబైల్ వ్యాన్లలో జనాల్ని కొలిచి రక్తం తీస్తారు. 1988 నుంచి 1994 దాకా చేసిన దాంట్లో పెద్దవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి ఈ సిండ్రోమ్ ఉంది. అందరికంటే ఎక్కువ మెక్సికన్ అమెరికన్లలో, 31.9 శాతం. తెల్లవాళ్ళలో 23.8, నల్లవాళ్ళలో 21.6. నల్లవాళ్ళలో ఆడవాళ్ళకి మగాళ్ళకంటే 57 శాతం ఎక్కువగా ఉంది, అన్ని జాతుల్నీ కలిపి చూస్తే ఇది అసలు బయటపడదు. తర్వాత తర్వాత అందరిలోనూ పెరిగింది, 2011 నుంచి 2016 మధ్య లెక్కల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైనే, 34.7 శాతం. ఆ ఐదారేళ్ళలోనే హిస్పానిక్స్ లో 32.9 నుంచి 40.4 కి వెళ్ళింది, ఏషియన్స్ లో 19.9 నుంచి 26.2 కి.

నల్లవాళ్ళ సంగతి చూస్తే నాకు మా స్నేహితురాలే గుర్తొచ్చింది. వాళ్ళకి సహజంగానే ట్రైగ్లిజరైడ్స్ తక్కువ, హెచ్‌డీఎల్ ఎక్కువ ఉంటాయి, దాంతో ఐదిట్లో రెండు ఈజీగా పాసైపోతారు. కానీ బీపీ, షుగరు, పక్షవాతం తెల్లవాళ్ళకంటే వాళ్ళలో ఎక్కువ. అంటే "మీ వాళ్ళలో సిండ్రోమ్ తక్కువే" అని కాగితం చెప్తుంటే గుండె మాత్రం దెబ్బతింటూనే ఉంటుంది. నేను ఆవిడకి చెప్పా, పాస్ అని కాగితం పక్కన పడెయ్యొద్దు, 146/92 ఒక్కటి చాలు డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి అని. వెళ్ళింది, ఇప్పుడు మందు వాడుతోంది.

ఏషియన్ అనే డబ్బా గురించి కూడా చెప్పాలి. ఎన్‌హేన్స్ లో ఏషియన్స్ ని విడిగా లెక్కేసేంత మందిని తీసుకోవడం మొదలెట్టిందే 2011 లో. అందులోనూ చైనా వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, వియత్నాం వాళ్ళు, మనం అందరం ఒకే డబ్బాలో. మనకీ చైనా వాళ్ళకీ ఎంత తేడానో కెనడాలో షేర్ అనే స్టడీలో తేలింది, 2003 లో వచ్చింది: సిండ్రోమ్ చైనా మూలాల వాళ్ళలో 11 శాతం, దక్షిణాసియా వాళ్ళలో 25.9, యూరప్ మూలాల వాళ్ళలో 22, అక్కడి ఆదివాసుల్లో అయితే 41.6. పదకొండునీ ఇరవయ్యారునీ కలిపి యావరేజ్ తీసి "ఏషియన్స్ లో తక్కువే" అంటే ఎవరికి లాభం, చెప్పండి. లండన్ లోనూ ఇలాంటిదే, సౌతాల్ లాంటి చోట్ల ఉండే పంజాబీ, గుజరాతీ వాళ్ళని అక్కడి తెల్లవాళ్ళతో పోల్చి చాలా ఏళ్ళ కిందే డాక్టర్లు చెప్పారు, షుగరు వీళ్ళలో ఎన్నో రెట్లు ఎక్కువని.

ఇంకొక్కటి చెప్పి లెక్కలు ఆపేస్తా. చెన్నైలో ఒక పెద్ద సర్వేలో అవే మనుషుల్ని మూడు నిర్వచనాలతో లెక్కేశారు. అమెరికా కొలెస్ట్రాల్ గైడ్‌లైన్ తో 18.3 శాతం మందికి సిండ్రోమ్, డబ్ల్యూహెచ్‌ఓ లెక్కతో 23.2, మన నడుం కొలత వాడే డయాబెటిస్ ఫెడరేషన్ లెక్కతో 25.8. ఆ 18కీ 25కీ మధ్య ఉన్నవాళ్ళలో మా ఆయన లాంటి వాళ్ళు ఎందరో.

సరే కంప్లైంట్ సంగతి. స్క్రీనింగ్ సంస్థకి మెయిల్ పెట్టా, నాలుగు రోజులకి "మీ ఫీడ్‌బ్యాక్ కి థాంక్స్" అని రెడీమేడ్ జవాబొచ్చింది. మళ్ళీ పెట్టా, ఈసారి రిపోర్టు కాపీ జతచేసి, 90 సెంటీమీటర్ల విషయం వివరంగా రాసి. రెండు వారాలకి వాళ్ళ నర్స్ కోచ్ ఫోన్ చేసింది. ఆవిడ ఓపిగ్గా విన్నది, మీరు చెప్పింది కరెక్టే అని ఒప్పుకుంది కూడా, కానీ ఫారంలో గీతలు మీ కంపెనీ హెచ్‌ఆర్ ఓకే చేసినవి, మేం మార్చలేం అంది. హెచ్‌ఆర్ ని అడిగితే సంస్థ ఇచ్చిన టెంప్లేటే వాడాం అన్నారు. ఒకళ్ళ మీద ఒకళ్ళు. ఆఖరికి హెచ్‌ఆర్ లో ఒకావిడ వచ్చే ఏడాదికి ఏషియన్స్ కి వేరే నడుం గీత పెట్టగలరేమో అడుగుతామంది. నేను ఆవిడతో గట్టిగానే చెప్పా, నాకు డిస్కౌంట్ పోతే పోనీండి, మనిషికి జబ్బు ఉన్న సంగతి మాత్రం చెప్పండి అని. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే డిస్కౌంట్ ని పాస్ ఫెయిల్ తో ముడిపెట్టకుండా టెస్టుకి వచ్చినందుకే ఇచ్చెయ్యాలి, అప్పుడు గీత సరిచేసినా ఎవరికీ నష్టం ఉండదు.

మా ఫ్యామిలీ డాక్టర్ గారు మాత్రం ఫారం చూడగానే నడుం దగ్గర వేలు పెట్టి "ఇది మీ గీత కాదు" అన్నారు. మూడు నెలల షుగరు టెస్టు చేయిస్తే 5.9, అంటే షుగరు గుమ్మం దగ్గరే ఉంది. మందులేమీ ఇవ్వలేదు, రాత్రి అన్నం మానిపించారు, భోజనం కాగానే ఇరవై నిమిషాలు నడవమన్నారు, వారానికి మూడ్రోజులు బరువులెత్తమన్నారు, ఎందుకంటే మనకి కండ తక్కువ కదా. సాయంత్రం టీతో గిన్నెడు మిక్చర్ తినే అలవాటు తగ్గించడానికే మా ఇంట్లో పెద్ద యుద్ధం అయ్యింది. ఫిబ్రవరిలో మళ్ళీ చూస్తే నడుం 36కి దిగింది, ట్రైగ్లిజరైడ్స్ 158. ఇంకా గీత దాటే ఉన్నాయి, కానీ దిగుతున్నాయి. నాక్కూడా నడుం 33 అంగుళాలు, హెచ్‌డీఎల్ 44 (ఆడవాళ్ళకి ఆ గీత మగాళ్ళకంటే పైన ఉంటుంది), అంటే మన లెక్కలో రెండు ఎర్రవి. ఫారంలో నా నడుం కూడా పచ్చగానే ఉంది, ఆడవాళ్ళకి వాళ్ళ గీత 35 మరి. నేనూ ఆయనతో పాటే నడుస్తున్నా.

హైదరాబాద్ సంగతి కూడా రాయాలి, ఎందుకంటే అక్కడ మన వాళ్ళే మనకి చేసే టెస్టులు కదా, సరిగ్గా ఉంటాయనుకున్నా. డిసెంబర్ లో కూకట్‌పల్లిలో తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు వాడికీ అమ్మకీ హోమ్ కలెక్షన్ ప్యాకేజీ బుక్ చేశా. పేరు వద్దు, ఒక ల్యాబ్. పొద్దున్నే 6:15కి కుర్రాడు వచ్చేశాడు, చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని, "ఫాస్టింగేనా అమ్మా, కాఫీ కూడా తాగలేదు కదా" అని అడిగి, అమ్మకి సన్నటి నరం అయినా ఒక్కసారికే తీసేశాడు. సాయంత్రానికి వాట్సాప్ లో 20 పేజీల రిపోర్టు. ధర రెండు వేల లోపు. సర్వీసు పరంగా అమెరికా కంటే ఇదే నయం.

కానీ 20 పేజీలు మొత్తం తిరగేసినా నడుం కొలత లేదు, బీపీ లేదు. ఐదిట్లో మూడే ఉన్నాయి. విటమిన్లున్నాయి, ఐరన్ ఉంది, దీన్ని దాంతో భాగిస్తే ఎంత అనే రేషియోలు కూడా టెస్టులుగా లెక్కేశారు. ల్యాబ్ కి ఫోన్ చేస్తే "అది ప్యాకేజీలో రాదు మేడం" అన్నారు. ఇంటికొచ్చిన కుర్రాడి బ్యాగులో ఒక టేపు, ఒక బీపీ మిషన్ ఉంటే ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది, అంతే. 2023 లో వచ్చిన ఐసీఎంఆర్ (మన కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) సర్వేలో మన దేశంలో పొట్ట ఊబకాయం 39.5 శాతం మందిలో ఉంది, బీఎంఐ లెక్కన చూస్తే 28.6 శాతమే. అంటే బరువు చూసి బానే ఉన్నారనుకునే వాళ్ళు ఎంతమందో టేపు పెడితే కానీ తెలీదు.

"అక్కా, నాకెందుకు, నేను 66 కిలోలే" అన్నాడు తమ్ముడు. వీధి చివర ఫ్యాన్సీ షాపులో ఇరవై రూపాయల టేపు కొనుక్కొచ్చి కొలిచా, 93 సెంటీమీటర్లు. వాడు ఆ అంకె చూసి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత టేపు నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ తనే కొలుచుకున్నాడు.

రేటింగ్ విడివిడిగా అయితే, ఆఫీసు స్క్రీనింగ్ కి స్టాఫ్, టైము, బీపీ చూసే పద్ధతి 5, నడుం కొలిచిన తీరు 1, రిపోర్టు 2. హైదరాబాద్ ల్యాబ్ కి రక్తం తీసిన కుర్రాడికి 5, ప్యాకేజీకి 2. ఆఫీసు స్క్రీనింగ్ కి వెళ్ళండి, ఫ్రీగా వచ్చేది వదులుకోవద్దు, కొలిచేటప్పుడు చొక్కా మీరే ఎత్తి బెల్టు పైన కొలవమని అడగండి, పచ్చ రంగు చూడకుండా అంకెలు చూసుకోండి, మగాళ్ళకి 90, ఆడాళ్ళకి 80. వీళ్ళు మళ్ళీ అక్టోబర్ రెండో వారం వస్తున్నారంట. ఫారం మారిందో లేదో చూసి ఇక్కడే అప్‌డేట్ పెడతా, మారితే ఆ రెండు స్టార్లూ ఇచ్చేస్తా.